సైటేషన్ల లెక్కలో సుబ్బారావు ఎక్కడ?

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా విశ్వవిద్యాలయ ఆచార్యులకు ప్రపంచంలోని మొదటి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు దక్కిందని, ఉపకులపతి శాలువా కప్పి సత్కరించారని అందులో రాస్తారు. ఆ జాబితాకెక్కినవారిలో ఎక్కువమంది ఏళ్ల తరబడి కష్టపడి పనిచేసినవారే. వారిని అభినందించాల్సిందే. అయితే ఆ జాబితా దేన్ని కొలుస్తోంది, దేన్ని కొలవలేకపోతోంది అనే చర్చ మాత్రం మన దగ్గర జరగడం లేదు. అలాంటి అంకెలే అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు, విద్యాసంస్థల ర్యాంకులకు ఆధారమవుతున్న రోజుల్లో ఈ మౌనం మంచిది కాదు.

చర్చ మొదలుపెట్టడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టి, 1948లో అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురణల చిట్టా తిరగేస్తే చాలు. జీవకణం శక్తిని ఎలా దాచుకుంటుందో, ఎలా ఖర్చుచేస్తుందో అణువుల స్థాయిలో చూపించి, ఆ తర్వాత వచ్చిన మాలిక్యులర్ బయాలజీకి పునాది వేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆయన జీవితకథ తెలుగువారికి కొత్తది కాదు. కానీ ఆయన పేరుతో వెలువడిన పత్రాలు, వాటికి దక్కిన సైటేషన్లు, ఆయన పనివల్ల మనుషులకు జరిగిన మేలు... ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ. అలా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఒక పని ఎంత వాడుకలో ఉందో సైటేషన్ చెప్పగలదు. ఆ పని విలువ ఎంతో చెప్పే శక్తి దానికి లేదు. ఈ రెండూ ఒకటేననుకునే వ్యవస్థ సుబ్బారావు వంటివారిని గుర్తుపట్టలేదు.

అంకెలు ఎలా పుట్టాయి?

ఒక పరిశోధకుడు తన పత్రం చివర తాను ఆధారపడిన పాత పత్రాలను పేర్కొంటాడు. అలా పేర్కొన్న ప్రతిసారీ ఆ పాత పత్రం ఖాతాలో ఒక సైటేషన్ జమవుతుంది. ఈ ఖాతాలను ఒక పద్ధతి ప్రకారం రాయడం మొదలుపెట్టింది అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్. 1964లో ఆయన సంస్థ తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఉద్దేశం పరిశోధకులకు దారి చూపడమే. ఒక ఆలోచన ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి చేరిందో వెతుక్కోవడానికి అదొక సాధనం. ఆ తర్వాత జర్నళ్లను పోల్చడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది. గత రెండేళ్లలో ఒక జర్నల్ ప్రచురించిన పత్రాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఆ లెక్క. 2005లో భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో కనీసం 20 పత్రాలకు తలా 20 సైటేషన్లయినా వస్తే ఆయన హెచ్-ఇండెక్స్ 20.

మన పత్రికల్లో వచ్చే 'టాప్ 2 శాతం' జాబితా వీటికి కొనసాగింపే. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ ఇయోనిడిస్ బృందం స్కోపస్ అనే సైటేషన్ డేటాబేస్ సమాచారంతో దీన్ని తయారుచేస్తోంది. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహ రచయితల సంఖ్యను బట్టి సవరించిన ఇండెక్స్, ఒంటరిగా రాసినవాటికి, మొదటి లేదా చివరి రచయితగా ఉన్నవాటికి వచ్చిన సైటేషన్లు... ఇలా ఆరు అంశాలను కలిపి మార్కు వేస్తుంది. తమ పత్రాలను తామే పేర్కొనే అలవాటు ఎవరికెంత ఉందో కూడా ఆ పట్టికలో ఉంటుంది. దాన్ని తయారుచేసినవారు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నారు. పట్టికను చూపించి సత్కారాలు చేసేవారు ఆ గడులన్నీ చదవడం లేదు.

ఒక పద్ధతి, వేల సైటేషన్లు

ఇక సుబ్బారావు చిట్టా చూద్దాం. ఆయన 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పనికి కుదిరారు. ఇద్దరి పేర్లతో 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో 26 పేజీల పత్రం వెలువడింది. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నిటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పరిచయమైంది. ఈ రంగంలో అత్యధికంగా సైటేషన్లు పొందిన పత్రాల్లో దానిదొక స్థానం. వెలువడి నూరేళ్లు దాటినా దాన్ని పేర్కొనేవారు ఇంకా ఉన్నారు.

ఆ పద్ధతి ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి. నమూనాలోని ప్రోటీన్లను ఆమ్లంతో విడగొట్టి వడపోస్తారు. వడపోసిన ద్రవంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ద్రవంలో ఫాస్ఫేట్ ఉంటే మాలిబ్డేట్ దాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన మోతాదుతో చేసిన ద్రావణాన్ని పక్కన పెట్టుకుని రెండు రంగులనూ పోల్చి లెక్క కడతారు. అంతకుముందు బెల్, డాయిజీ హైడ్రోక్వినోన్‌తో ఇలాంటి పద్ధతే తెచ్చారు. ఫిస్కే, సుబ్బారావు రంగు తెప్పించే రసాయనాన్ని మార్చి, కొలతను త్వరగా, నమ్మకంగా ముగిసేలా చేశారు.

ఇలాంటి పత్రానికి సైటేషన్లు ఎందుకు వస్తాయో చెప్పడం కష్టమేమీ కాదు. ఎంజైమ్ మీద పనిచేసినా, ఎముక మీద పనిచేసినా, మూత్రపిండాల జబ్బు మీద పనిచేసినా భాస్వరం కొలిచిన ప్రతివాడూ ఆ పద్ధతిని పేర్కొనాల్సిందే. కొత్త నిజం చెప్పిన పత్రాన్ని ఆ నిజంతో పనిబడ్డవారే తలచుకుంటారు. కొలిచే దారి చూపిన పత్రాన్ని కొలిచేవారంతా తలచుకుంటారు.

2014లో నేచర్ పత్రిక అప్పటివరకు అత్యధికంగా సైటేషన్లు పొందిన వంద పత్రాల జాబితా ప్రచురించినప్పుడు ఈ సంగతే బయటపడింది. మొదటి స్థానంలో ఉన్నది ప్రోటీన్‌ను కొలిచే పద్ధతిపై 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన పత్రం. దానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. రెండోది ప్రోటీన్లను జెల్ మీద విడదీసే పద్ధతి గురించి 1970లో లెమ్లీ రాసినది. మూడోది 1976లో బ్రాడ్‌ఫర్డ్ ఇచ్చిన మరో ప్రోటీన్ కొలత పద్ధతి. డీఎన్ఏ నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల 1953 నాటి పత్రం ఆ వందలో లేనే లేదు. మాలిక్యులర్ బయాలజీ యావత్తూ ఏ పత్రం మీద నిలబడిందో ఆ పత్రానికే మొదటి వందలో చోటు దక్కలేదంటే, ఈ కొలమానం పరిమితి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. తన పత్రం గొప్పది కాదని లౌరీ స్వయంగా ఒప్పుకున్నారు.

అంతమాత్రాన పద్ధతులు కనిపెట్టినవారిని చిన్నచూపు చూడకూడదు. పద్ధతి సరిగ్గా లేకపోతే దాని మీద కట్టిన శాస్త్రమంతా కూలిపోతుంది. సుబ్బారావు విషయంలో ఆ పద్ధతే పెద్ద ఆవిష్కరణకు దారితీసింది. కండరాల నుంచి తీసిన నమూనాల్లో నీలం రంగు ఉన్నట్టుండి వచ్చి ఆగిపోకుండా, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోవడాన్ని ఫిస్కే, సుబ్బారావు గమనించారు. ఫాస్ఫేట్ విడిగా ఉంటే రంగు వెంటనే రావాలి. ఆలస్యంగా వస్తోందంటే అది మరో పదార్థంతో అతుక్కుని ఉండి, ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతోందన్నమాట. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం ఒక్కసారిగా బలం తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు వాడుకునే నిల్వ అది. 1927లో సైన్స్ పత్రికలో మూడు పేజీల్లో, 1929లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో 50 పేజీలకు పైగా వివరంగా ఈ సంగతి ప్రకటించారు. ఇంగ్లండ్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే కాలంలో ఆ పదార్థం జాడ పట్టారు. కండరాల కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా చలామణి అయిన సిద్ధాంతాన్ని ఈ పని తిరగరాయించింది.

పేరు కరిగిపోయిన చోట

1929లోనే ఫిస్కే, సుబ్బారావు మరో చిన్న పత్రం రాశారు. కండరంలో, కాలేయంలో ఉండే భాస్వర పదార్థాల గురించి సైన్స్‌లో వచ్చిన ఆ రెండు పేజీల్లో ఏటీపీ (అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్) గురించి ఉంది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని వేరుచేసి ప్రకటించారు. నేడు ప్రపంచమంతటా ఏటా వేల పత్రాల్లో ఏటీపీ ప్రస్తావన వస్తుంది. మన ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా జీవకణపు శక్తి నాణెం పేరు అడిగితే ఏటీపీ అని తడుముకోకుండా చెబుతాడు. కానీ ఏటీపీ అని రాసిన ప్రతివాడూ 1929 నాటి పత్రాన్ని పేర్కొంటాడా? పేర్కొనడు. అవసరమూ లేదు. ఒక ఆవిష్కరణ అందరి జ్ఞానంలో భాగమైపోయాక దాని మూలాన్ని చెప్పడం మానేస్తారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ ధోరణిని చాలాకాలం క్రితమే గుర్తించారు. అంటే, ఒక పని పూర్తిగా విజయం సాధించిందనడానికి గుర్తు దానికి సైటేషన్లు ఆగిపోవడమే.

దీనికి మన పొరుగునే మరో సాక్ష్యం ఉంది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మడత పడగలదో ఒక పటంగా గీశారు. ప్రపంచంలో ఎక్కడ ఏ ప్రోటీన్ నిర్మాణాన్ని కనుగొన్నా, అది సరైనదో కాదో ఆ రామచంద్రన్ ప్లాట్‌తో సరిచూస్తారు. ప్రయోగశాలల సాఫ్ట్‌వేర్‌లోనే అది కలిసిపోయింది. దాన్ని వాడేవారిలో చాలామంది మూలపత్రాన్ని పేర్కొనరు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతికీ అదే జరిగింది. కొవ్వుల్లోని భాస్వరాన్ని కొలవడానికి 1959లో బార్ట్‌లెట్ దాన్ని కొంత మార్చి ప్రకటించారు. అప్పటినుంచి ఆ రంగంలో చాలామంది బార్ట్‌లెట్‌నే పేర్కొంటున్నారు. మూలం కనిపించకుండా పోయి పైపొర మిగిలింది.

ప్రయోగశాలలో జరిగిన అన్యాయాలు ఏ సైటేషన్ పట్టికలోనూ కనిపించవు. సుబ్బారావుతో పాటు ఫిస్కే ప్రయోగశాలలో పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక చేదు మాట చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఆ తర్వాత ఏళ్లకు వేరేవారు మళ్లీ కనుగొనాల్సి వచ్చిందని, ఫిస్కే అసూయ కారణంగానే అవి వెలుగు చూడలేదని ఆయన అభిప్రాయం. ప్రచురణే కాని పనికి సైటేషన్ ఎక్కడినుంచి వస్తుంది? హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత పదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు మారిపోయారు.

ఏడో పేరు, లేని పేరు

లెడర్లీలో గడిపిన ఎనిమిదేళ్లే ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలం. సైటేషన్ల లెక్కలో ఆయన అత్యంత బలహీనంగా కనిపించేదీ ఆ కాలమే. 1945లో, 1946లో సైన్స్ పత్రికలో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణపై వచ్చిన పత్రాల మీద 16 పేర్లు ఉన్నాయి. మొదట యాంజియర్ పేరు ఉంటుంది. పరిశోధనకు నాయకత్వం వహించిన సుబ్బారావు పేరు ఏడోది. కారణం చిన్నదే. మొదటి ఎనిమిది పేర్లను ఆంగ్ల అక్షరక్రమంలో పేర్చారు. నేడు గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఉన్న రసాయన శాస్త్రం ఆ పదహారు పేర్లది. నాయకుడు ఎవరో ఆ వరుస చెప్పదు.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలను కూడా సుబ్బారావు బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ తీవ్రమైన లుకేమియాతో బాధపడుతున్న పిల్లలకు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పదహారు మంది పిల్లల్లో పదిమందిలో మెరుగుదల కనిపించింది. తాత్కాలికమే అయినా, లుకేమియాను మందుతో లొంగదీయవచ్చని ప్రపంచానికి మొదట చూపినది ఆ పత్రమే. ఆధునిక కీమోథెరపీకి బాటవేసిన పత్రాల్లో అదొకటి. దాని మీద ఐదు పేర్లున్నాయి. వాటిలో సుబ్బారావు పేరు లేదు. ఆ తరగతికే చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కే కాదు, కీళ్లవాతానికి కూడా నేడు వాడుతున్నారు. మెథోట్రెక్సేట్ రాసిన చీటీలను ఏ సైటేషన్ ఇండెక్స్ లెక్కపెడుతుంది?

బోదకాలు మాత్ర మరో ఉదాహరణ. డైఇథైల్‌కార్బమజైన్ అనే మందు ఫైలేరియా పురుగులపై పనిచేస్తుందని లెడర్లీ బృందం 1947లో ప్రకటించింది. ఆ పత్రం రచయితల వరుసలో సుబ్బారావు పేరు చివరిది. డీఈసీగా పిలిచే ఆ మాత్రనే మన ఆరోగ్య కార్యకర్తలు ఫైలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఇంటింటికీ తిరిగి మింగిస్తున్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషి అమెరికాలో చేసిన పని అదే గోదావరి జిల్లాల పల్లెల్లోకి తిరిగివచ్చింది. ఆ మాత్ర మింగినవారు పత్రాలు రాయరు. రాయరు కాబట్టి ఆ మేలు సున్నాగా మిగిలిపోవాలా?

ఇదంతా ఎనభై ఏళ్ల నాటి సంగతని కొట్టిపారేయలేం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), భారతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మాలిక్యులర్ మార్కర్ల సాయంతో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చారు. మెరుగైన సాంబ మసూరిగా ఆ రకం 2008లో విడుదలైంది. బాపట్లలో పుట్టిన అసలు సాంబ మసూరి (బీపీటీ 5204) అన్నం రుచి పోకుండానే దానికి తెగులును తట్టుకునే శక్తి వచ్చింది. మాలిక్యులర్ బయాలజీ నేరుగా రైతు మడిలోకి దిగిన సందర్భం అది. ఆ విత్తనం వేసిన రైతు నిర్ణయం కూడా ఆ పరిశోధనకు ఒక గుర్తింపే. కానీ ఏ డేటాబేస్ దాన్ని నమోదు చేయదు.

ఇంటిపేరు ఎవరిది?

మన పరిశోధకులకు మరో చిక్కు ఉంది. డేటాబేస్‌లు మనిషి పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. తెలుగువారి ఇంటిపేరు ముందుంటుంది. సుబ్బారావు విషయంలో యల్లాప్రగడ అనే ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయి, సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లింది. ఆ పేరును కూడా ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. ఒక్కో రాత ఒక్కో మనిషిగా నమోదయ్యే ప్రమాదం ఉంది. ఈ రోజు పరిస్థితి ఇంకా జటిలం. రావు, రెడ్డి, కుమార్ అని ముగిసే పేర్లు, ముందు ఒకే పొడి అక్షరం ఉన్నవి వందల కొద్దీ ఉన్నాయి. ఒకరి పత్రాలు మరొకరి ఖాతాలో కలిసిపోతాయి, లేదా ఒకే మనిషి రెండు మూడు ఖాతాలుగా చీలిపోతాడు. ఈ చిక్కు విప్పడానికే 2012లో ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. యువ పరిశోధకులు మొదటి పత్రం పంపడానికి ముందే అది తీసుకోవాలి. తమ పేరును జీవితాంతం ఒకేలా రాయాలి. నియామక కమిటీలు కూడా డేటాబేస్ చూపిన అంకెను వేదవాక్కుగా తీసుకోకుండా, అభ్యర్థి ఇచ్చిన పత్రాల జాబితాతో సరిచూడాలి.

మార్కుల పట్టికలో ప్రతిభ

అధ్యాపకుల నియామకాలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో పెట్టిన పట్టిక చూడండి. పత్రం అచ్చయిన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటి కంటే తక్కువైతే 10 పాయింట్లు, 2 నుంచి 5 మధ్య ఉంటే 20, పది దాటితే 30. ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. ఫోలిక్ ఆమ్లం పత్రంలోని ఏడో పేరును ఈ పట్టికలో పెడితే దక్కేది ఆ 30 శాతమే. ఫార్బర్ పత్రానికి దక్కేది శూన్యం. ఒక పత్రం విలువను అది అచ్చయిన జర్నల్ సగటుతో కొలవడం అంటే, ఊరి సగటు ఆదాయం చూసి ఒక ఇంటివారి ఆస్తి లెక్కగట్టడమే. జర్నల్ సైటేషన్లలో సింహభాగం కొద్ది పత్రాలకే వస్తుంది. మిగతావి ఆ పేరు నీడలో బతుకుతాయి. నేచర్ 2014లో చూసిన లెక్క ప్రకారం డేటాబేస్‌లోని దాదాపు సగం పత్రాలకు సున్నా లేదా ఒక్క సైటేషనే ఉంది.

అంకెకు జీతం ముడిపెడితే అంకె కోసమే పనిచేసేవారు పుట్టుకొస్తారు. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే జర్నళ్లు అలాగే పెరిగాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అక్కడి కోర్టు ఆదేశించింది. 2023లో ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పత్రాలను ప్రచురణకర్తలే వెనక్కి తీసుకున్నారు. పరస్పరం సైటేషన్లు ఇచ్చిపుచ్చుకునే ముఠాలు, డబ్బుకు పత్రాలు రాసిపెట్టే దుకాణాలు ఇప్పుడు రహస్యమేమీ కాదు. దీనికి మూల్యం చెల్లించేది నిజాయితీగా పనిచేసే యువ పరిశోధకులు. నాలుగేళ్లు కష్టపడి ఒక్క మంచి పత్రం రాసిన అమ్మాయి, ఏడాదికి పది పత్రాలు అచ్చువేయించుకున్నవాడి పక్కన ఇంటర్వ్యూ గదిలో తేలిపోతోంది. ఈ అన్యాయం రోజూ జరుగుతోంది.

ఓపిక లేని కొలమానం ఎంతటి ప్రతిభనైనా పక్కకు నెట్టగలదని జీవరసాయన శాస్త్రవేత్త కతాలిన్ కరికో ఉదంతం నిరూపించింది. ఎంఆర్‌ఎన్‌ఏ మీద పట్టుబట్టి పనిచేసిన ఆమెను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1995లో కింది స్థాయికి దించింది. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి ఆమె రాసిన పత్రాన్ని అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవారు లేరు. పదిహేనేళ్ల తర్వాత కోట్లాది కోవిడ్ టీకాలు ఆ పత్రం మీద ఆధారపడి తయారయ్యాయి. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రెండేళ్ల కిటికీలోంచి చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు పదిహేనేళ్ల దూరం కనిపించదు.

ఏం చేయాలి?

ప్రపంచం ఈ పొరపాటును దిద్దుకోవడం మొదలుపెట్టింది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషులను తూచవద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణ జీవశాస్త్రవేత్తల సమావేశంలో రూపుదిద్దుకున్న 'డోరా' ప్రకటన కోరింది. వేల సంస్థలు దానిమీద సంతకాలు చేశాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిధులు కోరే పరిశోధకులను, శాస్త్రానికి తాము చేసిన మేలును అయిదు అంశాలకు మించకుండా మాటల్లో రాయమంటుంది. పత్రాల సంఖ్యమీదే ఆధారపడవద్దని చైనా 2020లో తన విశ్వవిద్యాలయాలకు చెప్పింది. మన దేశంలో పీహెచ్‌డీ సమర్పణకు ముందు పత్రం అచ్చువేయించుకోవాలన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. పాయింట్ల పద్ధతికి బదులు విశిష్ట కృషిని చూడాలని 2025 జనవరి ముసాయిదాలో ప్రతిపాదించింది. దిశ సరైనదే. అమలు మన చేతుల్లో ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలు ఇందులో ముందు నడవవచ్చు. అభ్యర్థి తన ఉత్తమ పత్రాలు అయిదింటిని ఇచ్చి, ఒక్కోదానిలో తానేం చేశారో ఒక పేజీలో తెలుగులోనో, ఇంగ్లిష్‌లోనో వివరించాలి. పదహారు పేర్ల పత్రమైతే అందులో తన చేతి పని ఏమిటో చెప్పాలి. మందు, విత్తనం, పద్ధతి, డేటా, శిక్షణ పొందిన విద్యార్థులు... ఇవన్నీ పత్రాలతో సమానంగా పరిగణనలోకి రావాలి. పత్రానికింత అని నగదు బహుమతి ఇచ్చే పద్ధతిని ఎత్తివేయాలి. సైటేషన్ల సంఖ్యను చూడవద్దని ఎవరూ అనడం లేదు. ఆ సంఖ్య వెనుక స్వీయ సైటేషన్లెన్ని, ఏ రంగంలో ఏది సగటు, ఎన్నేళ్ల కాలానికి లెక్క అన్నవి తెలుసుకుని చూడాలి. గణితశాస్త్రంలో వచ్చే సైటేషన్లను మాలిక్యులర్ బయాలజీతో పోల్చకూడదన్న ఇంగితం ఎంపిక గదిలో ఉండాలి.

ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలకు ఒక విన్నపం. మీ ముందుకు వచ్చిన దరఖాస్తులోని పత్రాన్ని మీరు స్వయంగా చదవండి. చదివే తీరిక లేకపోతే చదవగలిగినవారికి ఆ కుర్చీ ఇవ్వండి. ఒక్క పత్రమైనా చదవకుండా ఏ నియామక పత్రం మీదా సంతకం చేయకండి.